కమ్మింగ్ పైకొండల పట్టుతేనె



జులై వచ్చింది. ఉత్తర జార్జియాలోని మన కమ్మింగ్‌లో 400 నంబరు హైవే ఎక్కి ఉత్తరంగా డాసన్‌విల్ దాటి డలోనెగా వైపు వెళ్తుంటే అడవి అంచుల్లో, ఏటవాలు నేలల్లో, కాస్త వంకర తిరిగిన సన్నటి మానులతో కొన్ని చెట్లు కనిపిస్తాయి. కొమ్మల చివర్ల నుంచి చిన్న చిన్న తెల్లటి పూలు వరసగా కిందికి వేలాడుతుంటాయి. ఆ చెట్టు పేరు సోర్‌వుడ్. ఆకు కొరికి చూస్తే పుల్లగా ఉంటుంది. మన పిల్లలు తోటలకెళ్లి కోసుకొచ్చే బ్లూబెర్రీకి ఇది చుట్టం. ఏప్రిల్, మే నెలల్లో పూయాల్సిన చెట్లన్నీ పూసి రాల్చేశాక, జూన్ చివర్లో ఇది మొదలుపెడుతుంది. పూసేది కొన్ని వారాలే. ఆ కొన్ని వారాల కోసం ఉత్తర జార్జియాలో తేనెటీగలు పెంచేవాళ్లు తమ పెట్టెలన్నీ ట్రక్కుల్లో వేసుకుని కొండల మీదికి తీసుకెళ్తారు. చీకటి పడ్డాకే కదిలిస్తారు. పగలు కదిలిస్తే మేతకి వెళ్లిన ఈగలు తిరిగొచ్చేసరికి ఇల్లు ఉండదు కదా.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ చెట్టు తేనె గురించి. సీసాలో పోసి అమ్మేది కాదు, మైనంతో సహా ముక్క కోసి ఇచ్చే పట్టుతేనె గురించి. తేనె రుచి తెలియాలంటే పట్టులోనే తినాలనీ, ఏ చెట్టుదో తెలుసుకుని మరీ తినాలనీ నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్తాను.

సోర్‌వుడ్ పట్టు ముక్క ఒకటి నోట్లో వేసుకుని నాలుకతో అంగిలికి నొక్కితే మైనపు గదులు ఒక్కొక్కటే పగులుతాయి. ముందు తీపి. ఆ వెనకే, అరిసెల కోసం బెల్లం పాకం ముదురుతున్నప్పుడు వంటిల్లంతా పట్టే ఆ వాసన. మింగబోయే ముందు కాస్త ఘాటు, నాలుక అంచుల మీద సన్నటి పులుపు. తేనె అయిపోయాక మైనం మిగులుతుంది. దాన్ని కాసేపు నమిలితే వాసన ఇంకా వస్తూనే ఉంటుంది. మింగినా ప్రమాదం లేదు, ఊసినా తప్పులేదు.

అదే తేనెని సీసాలోంచి తీసుకుంటే ఇంత రుచి ఎందుకు ఉండదు? తేనెకి పూల వాసననిచ్చే పదార్థాలు గాలికి ఇట్టే ఎగిరిపోయే రకం. తేనె తీసే యంత్రంలో గదుల మూతలు కోసి పట్టుని గిరగిరా తిప్పుతారు. తేనె సన్నటి తుంపరలై డ్రమ్ము గోడలకి కొట్టుకుంటుంది. కొంత వాసన అక్కడే పోతుంది. ఆ తర్వాత పెద్ద కంపెనీలు, సీసాలో తేనె గడ్డకట్టకూడదని, 60, 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తాయి. సన్నటి వడపోతల్లోంచి ఒత్తుతాయి. వేడికి ఎంజైములు దెబ్బతింటాయి, వడపోతలో పుప్పొడి పోతుంది. పట్టులో ఉన్న తేనెకి ఇవేవీ జరగవు. ఈగ మూత వేసేటప్పుడు ఏం పెట్టిందో, మీ పళ్ల కింద మూత పగిలేటప్పుడు అదే ఉంటుంది.

ఆ మూత గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. పూల నుంచి వచ్చే మకరందంలో చాలాభాగం నీళ్లే. ఈగలు దాన్ని ఒకదాని నోటి నుంచి ఇంకొకటి అందుకుంటూ, గదుల్లో పరిచి, రాత్రంతా రెక్కలతో విసురుతూ ఆరబెడతాయి. నీటి పాలు 18 శాతం ప్రాంతానికి దిగిందాకా మూత వెయ్యవు. అంతకన్నా పలచగా ఉంటే పులుస్తుందని వాటికి తెలుసు. కొలత పరికరం లేదు, లెక్క మాత్రం తప్పదు. ఇక మైనం. పుట్టి పన్నెండు రోజులు దాటిన పనిఈగల పొట్ట కింద నాలుగు జతల గ్రంథుల నుంచి చిన్న చిన్న పొలుసులుగా అది ఊరుతుంది. ఒక్క గ్రాము మైనం కావాలంటే అలాంటి పొలుసులు దాదాపు వెయ్యి కావాలి. ఈగలు ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని గొలుసులుగా వేలాడుతూ, మనిషి ఒంటి వేడికి దగ్గరగా 35 డిగ్రీల వెచ్చదనం నిలుపుకుంటూ, ఆ పొలుసులని నమిలి మెత్తజేసి ఆరు పలకల గదులు కడతాయి. గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. తేనె కారిపోకుండా ప్రతి గదీ కాస్త పైకి వాలి ఉంటుంది. కిలో మైనం తయారీకి ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె ఖర్చవుతుందని పెంపకందార్ల అంచనా. అందుకే చాలామంది యంత్రంతో తేనె తీసి, ఖాళీ పట్టుని మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు. ఈగలకి కట్టే శ్రమ తప్పుతుంది, మళ్లీ నింపుతాయి. పట్టు కోసి అమ్మేవాళ్లు ఆ లాభం వదులుకుంటున్నారు. ధర ఎక్కువ అనిపించినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా తేనెలు కొన్ని వారాల్లోనే పలుకు కడతాయి. సీసాలో పలుకు కడితే వేడినీళ్లలో పెట్టి కరిగించుకోవచ్చు. పట్టులో కడితే ఏం చెయ్యగలం? వేడి చేస్తే మైనం కూడా కరుగుతుంది. సోర్‌వుడ్ తేనె చాలాకాలం పలుకు కట్టదు. ఈ కొండల్లో పట్టుతేనెకి ఇది ఇంత బాగా కుదరడానికి అదొక కారణం.

సోర్‌వుడ్ కోసం కొండలెక్కాలి గానీ, ట్యులిప్ పాప్లర్ కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మన కమ్మింగ్ కాలనీల వెనక అడవుల్లో, సానీ మౌంటెన్ దారుల్లో, లేక్ లేనియర్ ఒడ్డున నిటారుగా ఆకాశానికి ఎదిగే చెట్టు అది. పేరులో ట్యులిప్ ఉన్నా ఆ పువ్వుకీ దీనికీ సంబంధం లేదు. మన సంపెంగ కుటుంబానికి చెందిన చెట్టు. ఏప్రిల్ చివర్లో పసుపు, ఆకుపచ్చ, నారింజ రంగులు కలిసిన పెద్ద పూలు పూస్తుంది. అవి అంత ఎత్తున పూస్తాయి కాబట్టి నేలమీద రాలిన రేకులు చూసేదాకా మనకి తెలియదు. పూలల్లో మకరందం పుష్కలం. ఆ తేనె ముదురు రంగు. వెలుతురుకి ఎత్తి పడితే ఎర్రగా మెరుస్తుంది. రుచి గాఢంగా ఉంటుంది, తీపి మాత్రం కాస్త తక్కువనిపిస్తుంది. ఒకే జిల్లాలో ఒకే పెట్టె ఈగలు వసంతంలో కట్టిన పట్టునీ, నడివేసవిలో కట్టిన పట్టునీ పక్కపక్కన పెట్టి రుచి చూస్తే, తేనె అంటే ఒకటే పదార్థం అని మళ్లీ ఎవరూ అనరు.

ఇప్పుడు నమ్మకం సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో సీసా తేనెని జనం నమ్మేవారు కాదు. మొక్కజొన్న నుంచి తీసిన గ్లూకోజ్ పాకం చౌకగా దొరకడం మొదలయ్యాక వ్యాపారులు దాన్ని తేనెలో విచ్చలవిడిగా కలిపారు. అందుకని అంగడిలో పట్టు ఉంటేనే కొనేవారు. 1880 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా పట్టుతేనెకి ఇక్కడ స్వర్ణయుగం. సన్నటి చెక్క చట్రాల్లో ఈగల చేత చదరంగా పట్టు కట్టించి, ఆ చట్రంతోనే అమ్మేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1881లో, హార్వీ వైలీ అనే రసాయన శాస్త్రవేత్త పాపులర్ సైన్స్ మంత్లీ పత్రికలో ఒక మాట రాశాడు. పారఫిన్‌తో యంత్రాల మీద పట్టు తయారుచేసి, అందులో గ్లూకోజ్ నింపి మూతలు వేస్తున్నారని. ఆ తర్వాత, అది సరదాకి రాశానన్నాడు. ఈలోపు పత్రికలన్నీ ఆ వార్త ఎత్తుకున్నాయి. తేనె రైతుల బతుకు మీద దెబ్బ పడింది. ఒహాయోలో మెడైనా ఊళ్లో తేనెటీగల సామగ్రి అమ్మే ఎ. ఐ. రూట్, యంత్రంతో చేసిన పట్టు చూపించినవారికి 1,000 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. ఎవరూ రాలేదు. ఆ గోడలు, ఆ వాలు, ఆ మూతలు యంత్రానికి పట్టుబడేవి కావు. అదే వైలీ ఆ తర్వాత జీవితమంతా కల్తీ మీద పోరాడాడు. 1906లో అమెరికాకి ఆహార కల్తీ నిరోధక చట్టం రావడానికి ముఖ్యకారకుడు ఆయనే. ఆ చట్టం వచ్చాక జనానికి మళ్లీ సీసా తేనె మీద నమ్మకం కలిగింది. పట్టు అంగళ్లలోంచి మెల్లగా తప్పుకుంది.

ఇది పాతకథ అనుకోవద్దు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ భారతదేశంలో అమ్ముడయ్యే 13 బ్రాండ్ల తేనె పరీక్ష చేయిస్తే, జర్మనీ ప్రయోగశాలలో కల్తీ పసిగట్టడానికి చేసిన ఎన్‌ఎమ్‌ఆర్ పరీక్షలో 10 బ్రాండ్లు తప్పాయి. కంపెనీలు ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు. మన గుళ్లో అభిషేకానికి, పంచామృతానికి మనం తీసుకెళ్లే సీసాలో ఏముందో తెలుసుకోవాలన్న పట్టింపు మనకి ఉండాలి.

పట్టు ఉన్నంత మాత్రాన అంతా నిజమని కూడా అనలేం. పూత లేని రోజుల్లో ఈగలు బతకడానికి పంచదార నీళ్లు పెడతారు. అది న్యాయమే. కానీ తేనె నింపే కాలంలో కూడా పెడితే ఈగలు దాన్నే పట్టులో దాచి, ముచ్చటగా మూత వేస్తాయి. గోడలు ఈగలు కట్టినవే, లోపలున్నది మాత్రం కొట్లోది. కాబట్టి చివరికి మనం నమ్మాల్సింది మనిషిని. ఈ ప్రాంతంలో శనివారం సంతల్లో పెంచినవాళ్లే వచ్చి అమ్ముతుంటారు. పెట్టెలు ఎక్కడ పెట్టారు, ఏ నెలలో తీశారు, అప్పుడు ఏం పూసింది అని అడగండి. నిజంగా పెంచేవాళ్లకి ఈ ప్రశ్నలంటే ఎంత ఇష్టమో! వెనక జనం నిలబడి ఉన్నా చెప్పడం ఆపరు.

అడవి చెట్ల తేనె అని చీటీ మీద రాసి ఉంటే, చెట్టు తొర్రలోంచి తీసిందని అర్థం కాదు. పూలు అడవి చెట్లవి, ఇల్లు మాత్రం పెట్టె. ఒకప్పుడు తొర్రలోంచే తీసేవారు. అసలు ఇప్పుడు మనం చూసే తేనెటీగ ఈ ఖండంలో మొదట ఉండేది కాదు. 1622లో ఇంగ్లండు నుంచి ఓడల్లో వర్జీనియాకి వచ్చింది. ఈ కొండల ఆదివాసులైన చెరొకీలు అంతకుముందు తీపి కోసం హనీ లోకస్ట్ చెట్టు కాయల గుజ్జు, మేపుల్ చెట్ల రసం వాడుకునేవారు. వచ్చిన ఈగ పెట్టెల్లో కూర్చోలేదు. గుంపులుగా లేచి అడవుల్లో తొర్రలు వెతుక్కుంటూ పడమటికి సాగింది. వలస వచ్చేవాళ్ల కన్నా ఈగ ఎప్పుడూ కాస్త ముందుండేదనీ, ఇక్కడి జాతులవారు దాన్ని తెల్లవాళ్ల ఈగ అనేవారనీ థామస్ జెఫర్సన్ రాశాడు. ఈగ తర్వాత వలసదారులు వచ్చారు. 1832లో చెరొకీల నేల మీద మన ఫోర్సైత్ కౌంటీ ఏర్పడింది, 1834లో కమ్మింగ్ ఊరు వెలిసింది, 1838లో సైన్యం చెరొకీలను ఇళ్లలోంచి లాగి పడమటికి నడిపించింది. ఈ కొండల తేనె చరిత్ర చెప్తూ ఆ సంగతి దాటేసి పోవడం నాకు చేతకాదు.

అలా వలస వచ్చినవాళ్లు తేనె కోసం పూల మీది ఈగని పట్టుకుని, వదిలి, అది ఎటు ఎగురుతుందో చూసుకుంటూ చెట్టు దాకా వెళ్లేవారు. చెట్టు నరికి తేనె తీసేవారు. ఇంటి దగ్గర పెంచడానికి బ్లాక్ గమ్ చెట్టు మొద్దులు వాడేవారు. ఆ మాను లోపల దానంతటదే గుల్లవుతుంది. అడ్డంగా రెండు పుల్లలు గుచ్చి, పైన పలక వేస్తే ఈగలకి ఇల్లు. అపలాచియన్ కొండల్లో పాతవాళ్లు ఇప్పటికీ తేనెపెట్టెని గమ్ అనే అంటారు. అందులోంచి తేనె తియ్యాలంటే పట్టు చింపాల్సిందే. చాలాసార్లు గూడు మొత్తం నాశనమయ్యేది. 1851లో ఫిలడెల్ఫియాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాదిరీ ఒక విషయం గమనించాడు. దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల సందు వదిలితే ఈగలు దాన్ని మైనంతోనూ పూడ్చవు, జిగురుతోనూ అంటించవు, నడవడానికి ఉంచుకుంటాయి. ఆ సందు ఆధారంగా, బయటికి తీసి మళ్లీ పెట్టగలిగే చట్రాల పెట్టె చేశాడు. 1852లో పేటెంటు వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా వాడే పెట్టె ఆ రకమే. అందుకే పెట్టె తేనె అడవి తేనె కన్నా తక్కువ అనే మాట నేను ఒప్పుకోను. పూలు అవే, ఈగ అదే, గూడు బతికి ఉంటుంది.

తొర్రల్లో ఈగలు ఇప్పటికీ ఉన్నాయి. 1987లో వరోవా అనే పురుగు ఈ దేశానికి వచ్చి ఈగల గూళ్లని ఊడ్చేసింది. అడవి ఈగలు అంతరించిపోయాయనే అందరూ అనుకున్నారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ సీలీ అనే శాస్త్రవేత్త 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆర్నట్ అడవిలో గూళ్లు లెక్కపెట్టి ఉంచాడు. 2002లో మళ్లీ వెళ్లి చూస్తే దాదాపు అన్నే ఉన్నాయి! మందు లేదు, మనిషి సాయం లేదు, వాటంతట అవే తట్టుకున్నాయి. కాబట్టి మీ పెరటి చెట్టు తొర్రలో ఈగలు కనిపిస్తే మందు కొట్టేవాళ్లని పిలవకండి. దగ్గర్లో ఉన్న తేనెటీగల సంఘం వాళ్లని పిలవండి.

మన తెలుగు నేల మీద, నల్లమల అడవుల్లో చెంచులు తీసే తేనె వేరు. అక్కడి పెద్ద ఈగ పెట్టెలో ఇమడదు. కొండ చరియకో, ఎత్తైన చెట్టు కొమ్మకో ఆరుబయట ఒకే ఒక్క పెద్ద పట్టు కడుతుంది. చెంచు మనిషి తాడు మీద చరియ దిగి, పొగ పెట్టి తేనె తీస్తాడు. పైన తాడు పట్టుకునేది బావమరిది. తన అక్కో చెల్లెలో విధవరాలు కావాలని ఏ బావమరిదీ కోరుకోడు కాబట్టి తాడు వదలడని ఆ అడవిలో చెబుతారు. ఆ తేనెలో ఏ ఒక్క చెట్టో ఉండదు, రుతువులో పూసిన అడవంతా ఉంటుంది. పలచగా ఉంటుంది, తొందరగా పులుస్తుంది, ఘాటు ఎక్కువ. ఆ పట్టులో తేనె అంతా పైభాగంలో, కొమ్మకి దగ్గరగా ఉంటుంది. కింద పిల్లలుంటాయి. పిల్లల భాగం ముట్టకుండా తేనె భాగం మాత్రం కోస్తే ఈగలు మళ్లీ కట్టుకుంటాయి. విశాఖపట్నం నుంచి పనిచేసే కోవెల్ ఫౌండేషన్ గిరిజనులకి ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చింది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి వాళ్ల దగ్గర అడవి సరుకు కొంటోంది. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ గిరిజన్ తేనె ఒక సీసా తెచ్చుకుని సోర్‌వుడ్ తేనె పక్కన పెట్టి తిని చూడండి.

ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. పురిట్లో పసిబిడ్డ నాలుకకి తేనె రాయడం మన ఇళ్లలో ఆనవాయితీ. పురుడు పోయడానికి ఇండియా నుంచి వచ్చే అమ్మమ్మలూ నాయనమ్మలూ ప్రేమగానే రాస్తారు. దయచేసి వద్దు. తేనెలో బొటులిజం కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్లకి ఏమీ కాదు గానీ, ఏడాది లోపు పిల్లల పేగుల్లో అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి, ఒళ్లు చచ్చుబడుతుంది. శిశువుల్లో ఈ జబ్బుని 1976లో కాలిఫోర్నియాలో గుర్తించారు. ఎంత స్వచ్ఛమైన తేనైనా, ఏ అడవిదైనా, ఏడాది నిండేదాకా బిడ్డకి పెట్టకూడదు.

పెద్దవాళ్లు తినడానికి నియమాలేమీ లేవు. పట్టుని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గదిలోనే మూత పెట్టి ఉంచండి. తెచ్చిన వెంటనే ఒకటి రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే మైనపు చిమ్మట గుడ్లు చనిపోతాయి. చాలామంది పెంపకందార్లు ఆ పని చేసే అమ్ముతారు. మైనం తెల్లగా, లేతగా ఉన్న ముక్క ఎంచుకోండి. నల్లబడిందంటే అందులో ఒకప్పుడు పిల్లలు పెరిగాయని అర్థం. వేడి పుల్కా మీద చిన్న ముక్క పెట్టి మడిస్తే మైనం మెత్తబడి తేనె పొరల్లోకి దిగుతుంది. పెసరట్టుతో కూడా బాగుంటుంది, అల్లం వెయ్యనప్పుడు.

ఇక మన ఊరి చెట్ల సంగతి. 1990లో ఫోర్సైత్ కౌంటీ జనాభా 44,083. 2020 నాటికి 2,51,283. ఆ పెరుగుదలలో మన తెలుగు కుటుంబాల వంతు తక్కువేమీ కాదు. మన ఇళ్లు లేచిన చాలా చోట్ల ఒకప్పుడు ఈ అడవులే ఉండేవి. ఇళ్లు కట్టుకోవద్దని నేననను. కానీ ఉన్న చెట్టుని పచ్చిక కోసం కొట్టించకుండా ఉండగలం. దోమల మందు చల్లించే కంపెనీకి, పూత ఉన్నప్పుడు, పగటివేళ చల్లొద్దని చెప్పగలం. ఇంకో దిగులు కూడా ఉంది. 2023 ఆగస్టులో సవానా దగ్గర పసుపు కాళ్ల కందిరీగ కనబడింది, అది తేనెటీగల్ని వేటాడి తింటుంది. రాష్ట్ర వ్యవసాయ శాఖ దాని గూళ్లు వెతికి తీసేస్తోంది. ఎక్కడైనా చూస్తే వాళ్లకి ఫొటో పంపించాలి.

పెరట్లో చోటున్నవాళ్లు సోర్‌వుడ్ పెంచవచ్చు. జార్జియా ఎర్రమట్టి పుల్లటిదే కాబట్టి దానికి సరిపోతుంది, నీళ్లు మాత్రం నిలవకూడదు. నిదానంగా పెరుగుతుంది, పూతకి కొన్నేళ్లు ఆగాలి. అక్టోబరులో ఆకు ఎర్రబడుతుంది, ఈ అడవుల్లో ముందుగా ఎర్రబడే చెట్లలో అదొకటి. వేళ్లు కదిలితే బతకడం కష్టం, అందుకని తవ్వి తెచ్చిన పెద్ద చెట్టు కాకుండా కుండీలో పెరిగిన చిన్న మొక్కనే నర్సరీలో అడగండి. నాటడానికి నవంబరు అనువైన నెల.